మిగిలిన కౌంటీ

మాకిక మిగిలింది లింకన్ కౌంటీ ఒక్కటే. మోంటానా రాష్ట్రంలో తక్కిన కౌంటీలన్నిటిలోనూ ఒక్కొక్క పెట్టె వెతికి, తీసి, అందులోని కాగితం మీద పేర్లు రాసి వచ్చేశాం, నేనూ మా తమ్ముడు ఓరినూ. వాయవ్య మూలన, అడవుల మధ్య, కెనడాని ఆనుకుని ఉన్న ఆ ఒక్కటీ ఉండిపోయింది.

తెలియనివాళ్లకి ఈ ఆట సంగతి చెబితే నవ్వుతారు. ఎవరో ఒక డబ్బా తీసుకెళ్ళి ఏ రాయి కిందో, ఏ కంచె స్తంభం వెనకో దాస్తారు. అదెక్కడుందో లెక్క కట్టి ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని ఊళ్లు దాటి వెళ్ళి వెతుకుతారు. దొరికితే లోపలి కాగితం మీద సంతకం పెట్టి, డబ్బాని ఉన్నచోటే ఉంచి వస్తారు. అంతే సంగతి. బహుమతి ఉండదు, చప్పట్లు కొట్టేవాళ్లూ ఉండరు. ఓరిన్ భార్య వాణ్ణి వదిలి వెళ్ళిన ఏడాది వాడు గడ్డం గీసుకోవడం కూడా మానేసి కిటికీ దగ్గర కూర్చుండిపోతే, ఇంట్లోంచి బయటికి లాగడానికి దీన్ని నేనే వాడికి అంటగట్టాను. అంటగట్టింది నేనైనా పిచ్చి పట్టింది మాత్రం వాడికి.

ఆ ఆగస్టులో రాష్ట్రం తూర్పు చివర ఉన్న మా ఊరు గ్లెన్‌డైవ్ నుంచి బయల్దేరేటప్పటికి వాడి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, దానికి మందు లేదని డాక్టరమ్మ చెప్పింది. చేయాలనుకున్నవేమైనా ఉంటే మంచు పడేలోపు చేసుకోమంది. ఓరిన్ బుద్ధిగా తలూపాడు. కారెక్కాక బెల్టు పెట్టుకుంటూ, "అయితే లింకన్ కౌంటీ, అక్కా" అన్నాడు. ఇంటికెళ్ళి బట్టలు సర్దాను.

రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేసరికి ఉత్తరాన ఆకాశం మట్టిరంగుకి తిరిగింది. కార్చిచ్చు. లింకన్ కౌంటీ కొండల మీద అడవి తగలబడుతోందని రేడియోలో చెప్పారు. కారు అద్దాలు ఎత్తేసినా ఓరిన్‌కి దగ్గు ఆగలేదు. నేనిక వాణ్ణి అడగలేదు. బండి తిప్పేసి, వేడినీటి బుగ్గలున్న చిన్న ఊళ్లో, వెర్నా అనే ఆవిడ నడిపే మోటెల్లో గది తీసుకున్నాను. అక్కడ గాలి దక్షిణం నుంచి వీస్తోంది. పొగ వాసనే లేదు.

"పొగ తగ్గేదాకా ఇక్కడే" అన్నాను.

"ఒక్కరోజు ఉందాం" అన్నాడు.

"పొగ తగ్గేదాకా అని చెప్పాను."

"బస్సులో పిల్లల్ని అదిలించినట్టు నన్ను అదిలించకక్కా. అరవై దాటినవాణ్ణి."

"ఆ పిల్లలే నయంరా. కూర్చోమంటే కూర్చునేవాళ్లు."

నేను రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపాను. నా గొంతుకి అప్పటి గట్టిదనం ఇంకా పోలేదు. ఓరిన్ మాత్రమే దానికి భయపడడు.

మోటెల్ వెనక సిమెంటు తొట్టి ఒకటి ఉంది, ఈత కొలనంత. భూమిలోంచి వచ్చే వేడినీళ్లు గొట్టంలోంచి దాంట్లో పడుతూ ఉంటాయి. గంధకం వాసన మొదట్లో ముక్కు పట్టుకునేలా ఉంటుంది, తర్వాత మనకే తెలియదు. లోపలికి దిగడానికి డాక్టరమ్మ ఒప్పుకోదు కాబట్టి ఓరిన్ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టేవాడు. పక్కన చక్రాల సంచీలో ఆక్సిజన్ మిషను గురకపెడుతూ ఉండేది. మొదట్లో ఊరికే ఫోను తీసి పొగ ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూ, గాలిని, మంటల్ని, వాతావరణశాఖని తిట్టుకుంటూ గడిపాడు. తర్వాత తర్వాత ఫోను తియ్యడం తగ్గింది. వెర్నా చేసే అతిథి మర్యాద ఏమిటంటే, పనులయ్యాక పేకముక్కలూ, పాయింట్ల లెక్కకి మేకులు గుచ్చే పలకా పట్టుకుని వచ్చి మావాడితో క్రిబేజ్ అనే పేకాట ఆడటం. ఆవిడ బాహాటంగా మోసం చేసేది. వాడు పట్టుకునేవాడు. ఇద్దరూ కీచులాడుకునేవాళ్లు. హకల్‌బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టెముక్క తెచ్చిపెడితే పళ్లెం గీకి మరీ తినేవాడు. ఏడాదిగా వాడు అంత స్తిమితంగా కూర్చోవడం నేను చూడలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆ పొగ పోకుండా ఉంటే బావుండుననిపించింది. అడవి కాలిపోతుంటే, జనం ఇళ్లు ఖాళీ చేసి వెళ్తుంటే, నేను పొద్దున్నే లేచి ఉత్తరంవైపు చూసి, ఇంకా మట్టిరంగుగానే ఉందని ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ ఒక్క కౌంటీ మిగిలి ఉన్నంతకాలం వాడికి వెళ్ళాల్సిన చోటు ఒకటి ఉంటుంది. అది అయిపోయిన మర్నాడు వాడికి ఏముంటుంది?

ఒక మధ్యాహ్నం ఆట మధ్యలో వెర్నా అడిగింది.

"ఇంతకీ ఏముంటుందయ్యా ఆ పెట్టెలో?"

"ఏముంటుంది. ఒక కాగితం, పిల్లలు వదిలేసిన బొమ్మలు, విరిగిన పెన్సిలు."

"దానికోసమా ఈ గొట్టం తగిలించుకుని ఇంతదూరం వచ్చింది?"

"మరే."

"మీ అక్కని పంపించు. నీ పేరు తనే రాసి వస్తుంది. అక్కడ ఎవరు చూడొచ్చారు?"

ఓరిన్ చేతిలో ముక్కలు బోర్లించాడు. "నేను చూశాను కదా, నేను వెళ్ళలేదని. పెట్టెని చెయ్యి తాకితేనే పేరు, వెర్నా. కార్లో కూర్చున్నవాడికి లేదు. మోటెల్లో కూర్చున్నవాడికి అసలే లేదు."

"నీకు పట్టింపు ఎక్కువ."

"వాడితో పెట్టుకోకు" అన్నాను నేను. "జూన్‌లో గడ్డిమైదానంలో ఒక పెట్టె. రోడ్డు నుంచి కంచె ఎంతో దూరం లేదు. నేను గబగబా వెళ్ళి తెచ్చి కారు అద్దంలోంచి అందిస్తానన్నాను. వినందే. నాలుగడుగులు వెయ్యడం, ఆగడం. గొట్టం గడ్డిలో చిక్కుకోవడం. కంచె దగ్గరికి చేరేసరికి అక్కడ మేస్తున్న ఆవులు కూడా మేత మానేసి వీణ్ణే చూస్తున్నాయి."

"ఆవులకి అర్థమైంది, నీకే కాలేదు" అన్నాడు ఓరిన్. నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు చాలాసేపు పట్టింది. వెర్నా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆ రోజు ఆవిడ ఇక మోసం చెయ్యలేదు.

తర్వాత కొండల మీద వాన పడింది. తెల్లారి తలుపు తీస్తే ఉత్తరాన ఆకాశం కడిగినట్టుంది. లోపలికి వచ్చి, "లేరా, బయల్దేరదాం" అన్నాను. వాడు అప్పటికే లేచి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి బూటు ఉంది. రెండోది చేతిలో ఉంది.

"ఇవాళ వద్దులే అక్కా. నీళ్లు బావున్నాయి."

మర్నాడూ నీళ్లు బావున్నాయన్నాడు. నేను అప్పుడు కళ్లు తెరిచి చూశాను. గదిలోంచి తొట్టి దగ్గరికి ఒక్క ఊపున వచ్చినవాడు ఇప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో ఒకసారి, స్తంభం పట్టుకుని ఒకసారి ఆగుతున్నాడు. పెదాలు నీలంగా ఉంటున్నాయి. మిషను మీద అంకె పెంచాడు, నాకు చెప్పలేదు. పొగ వల్ల ఆగామని మేమిద్దరం అనుకుంటూ ఉండగానే వాడి ఓపిక కాస్తా హరించుకుపోయింది.

ఆ రోజు భోజనాలయ్యాక, "నువ్వు వెళ్ళిరా" అన్నాడు.

"నేనొక్కదాన్నా? ఎందుకు?"

"అసలు ఉందో, కాలిపోయిందో చూసిరా. ఎక్కడుందో నీకు తెలిస్తే తర్వాత నేను తిన్నగా వెళ్ళి తీసుకుంటాను. వెతికే శ్రమ ఉండదు."

"ఒకవేళ దొరికితే..."

"నా పేరు రాశావంటే ఊరుకోను, అక్కా. ముందే చెబుతున్నా."

కొండదారిలో రోడ్డు పక్కన చెట్లు కొన్నిచోట్ల పచ్చగా, కొన్నిచోట్ల బొగ్గై ఉన్నాయి. నిప్పార్పే మనుషులు లారీల నీడలో పడుకుని నిద్రపోతున్నారు. ఓరిన్ ఎంచుకున్న పెట్టె ఒక వాగు ఒడ్డున, ఎప్పుడో మూసేసిన రంపపుమిల్లు దగ్గర ఉంది. మిల్లు చరిత్ర రాసిన చెక్కబోర్డు ఒకటి నిలబెట్టి ఉంది. ఫోను చూడాల్సిన పని కూడా లేకపోయింది. బోర్డు వెనక్కి వెళ్ళి, అడుగున అడ్డకర్ర మీద చెయ్యి పెట్టాను, తగిలింది. పచ్చరంగు ఇనప డబ్బా. మూత మీద బూడిద పేరుకుపోయి ఉంది. చేతి రుమాలుతో తుడిచి తెరిచాను.

లోపల కాగితం, పెన్సిలు, ప్లాస్టిక్ కప్ప, ఎవరిదో చొక్కా గుండీ. పెన్సిలు తీసుకున్నాను. నా పేరు రాయాలంటే చెయ్యి ఆడలేదు. నేను రాస్తే నాకు రాష్ట్రం మొత్తం పూర్తవుతుంది, వాడికి కాదు. వాడి పేరు రాద్దామా అంటే, వాడు రాలేదు. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు నేను. అక్కడ బండల మీద కూర్చుని, ఎవరూ వినేవాళ్లు లేరు కాబట్టి, నోరు తెరిచి ఏడ్చాను. వాడు ఇక్కడికి రాలేడు. అది నాకు మోటెల్ గదిలో తెలియనట్టు, ఇక్కడికి వచ్చాకే తెలిసినట్టు ఏడ్చాను. తర్వాత పెట్టె మూసి, దాని చోట దాన్ని పెట్టి, వాగులో మొహం కడుక్కుని బయల్దేరాను.

ఓరిన్ తొట్టి గట్టునే ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు వినగానే తల తిప్పాడు.

"దొరికిందా?"

"లేదురా" అన్నాను.

దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ వచ్చాను గానీ ఆ మాట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

"బోర్డు వెనక చూశావా?"

"చూశాను."

"అడ్డకర్ర మీద?"

"అంతా చూశాను. చెయ్యి పెట్టని చోటు లేదు."

నేను వాడి మొహంకేసి చూశాను. అందులో పాత పట్టుదల కదిలింది. "నీ కళ్లకే దొరకలేదంటే ఎవడో గట్టివాడే దాచాడు" అన్నాడు. "ఇక నేను రాక తప్పదు." ఆ సాయంత్రం వెర్నా పెట్టిన సూపు గిన్నె ఖాళీ చేసి రొట్టె అడిగాడు. ఆ ఒక్క పూటకి నా అబద్ధం మందులా పనిచేసింది.

కానీ వాడు ఓరిన్. భోజనం అవగానే ఫోను నా చేతిలో పెట్టాడు.

"రాయి, ఆ పెట్టె పేజీలో."

"ఏం రాయను?"

"వెతికాం, దొరకలేదు అని. దొరికితే దొరికిందని రాస్తాం కదా, దొరక్కపోతే దొరకలేదని రాయాలి. దాచినవాడికి తెలియొద్దూ? కాలిపోయిందేమో పాపం, వచ్చి చూసుకుంటాడు."

"రేపు రాస్తాలేరా."

"ఇప్పుడే. మనం వెర్నా దగ్గర ఉన్నామని, మళ్ళీ వస్తామని కూడా రాయి."

వాడు చూస్తుండగా ఆ అబద్ధాన్ని అక్షరం అక్షరం కొట్టి పంపాను. ఈ ఆట ఆడే ఎవరికైనా తెలుసు, దొరకలేదని చీటీ పడితే దాచినవాడికి నిద్రపట్టదు. నాకూ తెలుసు. మరో దారి లేక కొట్టాను.

మర్నాడు పగలు తొట్టి దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు. పొడుగాటి మనిషి, చొక్కా మీద ప్యాంటుని పట్టి ఉంచే భుజాల పట్టీలు, రెండు మోకాళ్లూ వంగని నడక. వెర్నా ఆయన్ని, "ఏం లాయిడ్, మళ్ళీ పట్టేశాయా మోకాళ్లు?" అని పలకరించింది. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"రంపపుమిల్లు దగ్గర పెట్టె నాది. దొరకనిది ఎవరికండీ?"

"మా అక్కకి" అన్నాడు ఓరిన్, చెయ్యి చాపుతూ. "పాపం మీకు శ్రమ ఇచ్చాం."

"శ్రమేముంది. బోర్డు కాలిపోయిందేమోనని భయపడ్డాను. ఆ మిల్లులో పదహారో ఏట చేరాను నేను, మూసేదాకా చేశాను. అందుకే పొద్దున్నే వెళ్ళి చూసుకొచ్చా. నిప్పు అవతలి గట్టుదాకా వచ్చి ఆగింది. పెట్టె పెట్టినచోటే ఉందమ్మా, అడ్డకర్ర మీద. మీకెలా కనపడలేదో."

"వయసు" అన్నాను.

"ఇంకో వింత. చుట్టూ వేలెడు మందం బూడిద ఉంది. మూత మీద మాత్రం లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు."

నేను నీళ్లలో నా పాదాలు చూసుకున్నాను. ఓరిన్ నావైపు తిరగలేదు.

"ఎలుగుబంటి అయ్యుంటుంది" అన్నాడు.

"ఎలుగుబంటి మూత తుడవడమేమిటయ్యా?"

"తుడుస్తుందండీ. కొన్నిటికి పెంపకం మంచిది."

లాయిడ్ ఓరిన్ ముక్కు మీది గొట్టం చూశాడు, మిషను మీది అంకె చూశాడు, నన్ను చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టి, మూలుగుతూ గట్టున కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టాడు.

"అవును, తుడుస్తుందేమో" అన్నాడు.

తర్వాత ఆయనే మెల్లగా అన్నాడు. "ఓరిన్ గారూ, నాకు ట్రక్కు ఉంది. ఇప్పుడే తీసుకెళ్తాను. లేదంటే రేపు ఆ పెట్టెనే ఇక్కడికి తెచ్చి మీ ఒళ్లో పెడతాను. నా పెట్టె, నా ఇష్టం. కాదనేవాడెవడు?"

ఒప్పుకోరా అని లోపల వెయ్యిసార్లు అనుకున్నాను. ఒప్పుకోకురా అని కూడా అనుకున్నాను.

ఓరిన్ తల అడ్డంగా ఊపాడు. "మీరు మంచివారండీ. కానీ దాని చోటులో ఉంటేనే అది పెట్టె. ఇక్కడికొస్తే డబ్బా" అన్నాడు. "మేమే వస్తాం. రేపో ఎల్లుండో."

లాయిడ్ తలూపాడు. వెళ్ళేటప్పుడు వాడి భుజం మీద చెయ్యి వేసి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు ఉంచాడు.

ఆయన ట్రక్కు మలుపు తిరిగాక ఓరిన్, "చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పనురా?"

"ఎలా ఉంది?"

చెప్పాను. వాగు ఎంత సన్నగా పారుతోందో, మిల్లు గోడల్లోంచి ఎలాంటి చెట్లు మొలిచాయో, అవతలి గట్టు ఎలా మాడిపోయిందో చెప్పాను. డబ్బా రంగు, మూత గట్టిదనం, కప్ప, గుండీ, ఏదీ వదలకుండా చెప్పాను. వాడు కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి, "కప్ప ఏ రంగు?" అని అడిగాడు. ఎరుపన్నాను.

"నేనూ ముందు అడ్డకర్ర మీదే చెయ్యి పెట్టేవాణ్ణి" అన్నాడు. "నీ పేరు రాశావా?"

"లేదు."

"పిచ్చిదానివక్కా. నువ్వు వెళ్ళావు కదా. నువ్వు తాకావు కదా."

"నువ్వు లేకుండా ఎలా రాస్తానురా."

వాడు నీళ్లలో కాలి బొటనవేలితో గీతలు గీశాడు.

"ఇంకా ఒకటి మిగిలి ఉంటే నేను పోననుకున్నావా?"

"అవునురా" అన్నాను. ఇంక దాచడానికి ఏముంది.

"పనిచేస్తే బావుండేది" అన్నాడు ఓరిన్. తడిచెయ్యి నా చేతి మీద పెట్టాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు తప్ప మేమిద్దరం చేతులు పట్టుకున్నది లేదు. వెర్నా పేకముక్కలు పట్టుకుని వస్తూ మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే రేపు వెళ్దామనుకునేవాళ్లం. ఆ మాట అనుకోవడం మానలేదు మేము. ఓరిన్ సెప్టెంబరులో మిజూలా ఆసుపత్రిలో పోయాడు, లార్చ్ చెట్లు పసుపెక్కకముందే. కారులో వాడి సీటు బెల్టు ఖాళీగా వేలాడుతుంటే రాష్ట్రం అడ్డంగా దాటి ఇల్లు చేరాను. అంతదూరం ఎవరినీ అదిలించకుండా నడపడం నాకు అదే మొదలు.

మరుసటి ఏడాది వసంతంలో లాయిడ్ ఫోను చేశాడు. మోకాళ్లు పూర్తిగా పోయాయట, పక్క రాష్ట్రంలో, స్పోకేన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. చూసుకునేవాళ్లు లేని పెట్టెని ఉంచకూడదు, తీసెయ్యాలి. తీసేముందు నాకు చెబుదామని చేశానన్నాడు.

"దాన్ని నాకిచ్చెయ్యండి" అన్నాను.

"మీరుండేది రాష్ట్రం ఆ చివరన కదమ్మా."

"ఏటా వచ్చి చూసుకుంటాను. కారు నడపడం నాకు కొత్త కాదు."

"ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ నియమం మీకు తెలుసు. పెట్టె ఎవరిదైతే వాళ్లు అందులో పేరు రాయకూడదు. అందుకని ముందు వచ్చి సంతకం పెట్టండి. లింకన్ కౌంటీ పూర్తిచేసుకోండి. మీ తమ్ముడి పేరు కూడా పక్కన రాస్తే నేనేమీ అనను. ఆ తర్వాత మీ పేరు మీదికి మారుస్తాను."

"వద్దండీ, ఇప్పుడే మార్చెయ్యండి" అన్నాను. "మావాడు ఇంకా రాలేదు."